ఒకే లాబ్, రెండు మాత్రలు

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే, ఖరీదైన మాత్రల మధ్య బాగా చవకైనదొకటి కనిపిస్తుంది. సెప్ట్రాన్. ఒకప్పుడు ఊళ్ళో ఆరెంపీ డాక్టర్లు కూడా విరేచనాలకి రాసిచ్చిన మాత్రే. ఒంట్లో ఏ ఇన్ఫెక్షనూ లేకుండా దాన్ని నెలల తరబడి ఎందుకు మింగాలి, మింగితే ఏమవుతుంది అని మా బాబాయి ఆపరేషన్ తర్వాత వెతుక్కుంటూ పోయాను. ఆ వెతుకులాట నన్ను 1940ల దాకా తీసుకెళ్ళింది.

న్యూయార్క్ దగ్గర టకహో అనే ఊళ్ళో బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీకి ఒక లాబ్ ఉండేది. అక్కడ జార్జ్ హిచింగ్స్ దగ్గర 1944లో చేరిన కెమిస్టు గెర్ట్రూడ్ ఎలియన్. అప్పటికి ఆమెకి 26 ఏళ్ళు. ఆడమనిషని పైచదువుకి ఎక్కడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. పీహెచ్‌డీ మధ్యలోనే ఆగిపోయింది. ఆమెని పెళ్ళి చేసుకోవలసిన మనిషి గుండె లోపలి పొరకి బాక్టీరియా సోకి చనిపోయాడు. పెన్సిలిన్ జనానికి అందడానికి కొద్దికాలం ముందు.

హిచింగ్స్ ఆలోచన చెప్పడానికి సులువే. ఒక కణం రెండు కావాలంటే డీఎన్ఏ కొత్తగా కట్టుకోవాలి. దానికి నకిలీ ఇటుకలు అందిస్తే కట్టుబడి ఆగిపోతుంది. అలా ఎలియన్ తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ పిల్లల రక్త కాన్సర్‌కి మందయింది. 1959లో బోస్టన్‌లో ష్వార్ట్జ్, డామెషెక్ అదే మందు కుందేళ్ళకి ఇస్తే వాటి రోగనిరోధక శక్తి అణిగింది. లండన్‌లో రాయ్ కాన్ అనే యువ సర్జన్ కుక్కలకి కిడ్నీలు మార్చి ఈ మందు ఇచ్చి చూశాడు. ఆ తర్వాత బోస్టన్‌లో జోసెఫ్ మరే దగ్గరికి వెళ్ళాడు. 1954లోనే కవలల మధ్య కిడ్నీ మార్చిన సర్జన్ ఈ మరే. మరి కవల లేనివాడి గతేమిటి? దానికి జవాబు ఎలియన్ వాళ్ళ లాబ్‌లోనే తయారైన అజాథయోప్రిన్. 1962లో, చనిపోయిన ఒక పరాయి మనిషి కిడ్నీ ఈ మందు అండతో ఇంకొకరిలో ఏడాదికి పైగా పనిచేసింది.

కొత్త కిడ్నీని శత్రువనుకోకుండా ఒంటి సైన్యాన్ని జోకొడితే, అది అసలు శత్రువునీ వదిలేస్తుంది. కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే ఇన్ఫెక్షన్‌తో పోయినవాళ్ళు ఆ తొలి సంవత్సరాల్లో చాలామంది.

రెండో మాత్ర కథలో మన భీమవరం మనిషి ఒకాయన వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ కంపెనీ శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని లాబ్‌లో తయారుచేశారు. దాన్ని అడ్డుకునే నకిలీలు కూడా అక్కడే తయారై, కాన్సర్ వైద్యంలోకి వెళ్ళాయి. హిచింగ్స్ బృందం ఇంకో అడుగు వేసింది: మనిషి ఎంజైమును వదిలేసి, బాక్టీరియా ఎంజైమునే పట్టుకునే నకిలీ ఉంటుందా? అలా దొరికిందే ట్రైమెథోప్రిమ్. మనం ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల్లోంచి, పప్పుల్లోంచి తెచ్చుకుంటాం. బాక్టీరియా సొంతంగా వండుకుంటుంది. ఆ వంటలో ఒక మెట్టు దగ్గర సల్ఫా, ఇంకో మెట్టు దగ్గర ట్రైమెథోప్రిమ్ అడ్డం పడతాయి. రెండింటినీ కలిపి 1968లో బ్రిటన్‌లో అమ్మకానికి తెచ్చారు. మన సెప్ట్రాన్ అదే.

అంటే శరీరం తలుపు తీసిపెట్టే మందూ, ఆ తలుపు దగ్గర కాపలా కాసే మందూ ఒకే ఇంట్లో పుట్టాయన్నమాట. హిచింగ్స్, ఎలియన్‌లకి 1988లో నోబెల్ వచ్చింది. కానీ ఈ తోబుట్టువులకి ఒకరితో ఒకరికి పెద్దగా పడదు. 1971లో, అంటే వేలూరు సీఎంసీలో మన దేశపు తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగిన ఏడాదే, కిడ్నీ మార్పిడి తర్వాత ఈ మందు వాడినవాళ్ళలో తెల్లకణాలు పడిపోతున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రెండు మందులూ చివరికి తగిలేది డీఎన్ఏ కట్టుబడికే. బాక్టీరియా ఎంజైమునే పట్టుకుంటుందన్న మాట చాలావరకు నిజం. మూలుగ అప్పటికే అలిసిపోయి ఉంటే, మిగతా ఆ కాస్తా బయటపడుతుంది.

అయినా ఈ మాత్రని వదులుకోలేదు. న్యుమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి అణిగిన శరీరాల్లో ఊపిరితిత్తులు పట్టేసేది. అమెరికాలో వాల్టర్ హ్యూస్ కాన్సర్ పిల్లలకి ముందుజాగ్రత్తగా ఈ మందిచ్చి, ఆ న్యుమోనియా రాకుండా ఆపవచ్చని 1977లో చూపించాడు. (తమాషా ఏమిటంటే, ఆ జీవి బాక్టీరియా కానే కాదు, ఒక రకం ఫంగస్ అని 1988లో తేలింది.) తర్వాత కిడ్నీవాళ్ళకీ ఇదే పద్ధతి. 2009 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మార్పిడి తర్వాత 3 నుంచి 6 నెలలు దీన్ని వాడమన్నాయి.

మా బాబాయి క్రియాటినిన్ 1.2 నుంచి 1.5కి వెళ్ళిన రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. కిడ్నీ ఇచ్చిన పిన్ని అయితే తనే ఏదో తప్పు చేసినట్టు కూర్చుంది. మార్పిడి అయినవాళ్ళకి ఆ అంకె పరీక్ష మార్కులాంటిది కదా. ట్రైమెథోప్రిమ్ ఆ అంకెనే తారుమారు చేయగలదు. కిడ్నీ కొంత క్రియాటినిన్‌ని గొట్టాల్లోంచి బయటికి తోస్తుంది. ఈ మందు ఆ తోపుడుని అడ్డుకుంటుంది. వడపోత తగ్గకపోయినా రిపోర్టులో అంకె పెరుగుతుంది. 1975 నాటికే డాక్టర్లు రాసిపెట్టిన సంగతి ఇది. అలాగని రోగి తనంతట తాను "మందు వల్లే" అనుకుని ఊరుకోవడమూ ప్రమాదమే. శరీరం కిడ్నీని తిప్పికొడుతున్నప్పుడు కూడా మొదట కదిలేది అదే అంకె. బాబాయికి టాక్రోలిమస్ మోతాదు చూసి, స్కాన్ తీసి, వారంలో మళ్ళీ రక్తం పరీక్ష చేశాక గానీ డాక్టరు ఏమీ తేల్చలేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే: ఇలా జరగవచ్చని డిశ్చార్జి రోజున ఒక్క వాక్యం చెప్పి ఉండాల్సింది.

పొటాషియం సంగతి ఇంకా సీరియస్. ట్రైమెథోప్రిమ్ పొటాషియం బయటికి పోనివ్వదు, టాక్రోలిమస్‌దీ అదే గుణం. మీరంతా నీరసానికి మందనుకునే కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. చూడటానికి వచ్చిన చుట్టాలు తెచ్చేవేమో బొండాలూ, అరటిపళ్ళూను! అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

సల్ఫా పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచినవాళ్ళకి కొన్నిచోట్ల డాప్సోన్ ఇస్తారు. అది కుష్ఠు మందని మందుల షాపులో విని హడలిపోయినవాళ్ళున్నారు. దానికీ ఒక మెలిక ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్నవాళ్ళలో ఎర్రకణాలు పగిలిపోతాయి, అందుకని ముందే పరీక్ష చేయాలి. ఇక మూత్రంలో ఇన్ఫెక్షన్లు తెచ్చే ఈకోలై మన దగ్గర చాలావరకు సెప్ట్రాన్‌కి ఎప్పుడో అలవాటుపడిపోయింది, ఆ వైపు కాపలా సగం ఉత్తదే. న్యుమోసిస్టిస్ మీద మాత్రం ఇంకా పనిచేస్తోంది. అందుకే బాబాయి డబ్బాలో ఇప్పటికీ వారానికి మూడు మాత్రలు.