వర్షాకాలంలో ద్విచక్ర వాహన ప్రయాణం: జాగ్రత్తలు, సామగ్రి సంరక్షణ

ప్రత్యేక వ్యాసం

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మాసం ప్రథమార్ధంలో రాష్ట్రంలో ప్రవేశిస్తాయి. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. ఈ కాలమంతటా తడి రోడ్డుపై ద్విచక్ర వాహనం నడపక తప్పని ఉద్యోగులు, వృత్తిదారులు ఎందరో ఉన్నారు. గ్రామ రెవెన్యూ అధికారులు, వ్యవసాయ సహాయకులు, మండల విలేకరులు, పాలు పోసేవారు, తెల్లవారకముందే ఇంటింటికీ పత్రికలు వేసే యువకులు ఈ కోవకు చెందినవారే. వాన వెలిసే వరకు ఆగే వెసులుబాటు వీరిలో చాలా మందికి ఉండదు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022వ సంవత్సరంలో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ ధరించకుండా ప్రయాణిస్తూ మరణించినవారు 50,029 మంది. ప్రమాదాలలో అధిక భాగం వాతావరణం నిర్మలంగా ఉన్నప్పుడే జరుగుతున్నట్లు కూడా ఈ నివేదికలు తెలుపుతున్నాయి. అంతమాత్రాన వాన ప్రమాదకరం కాదని భావించరాదు. ఏడాది మొత్తం మీద వాన కురిసే గంటలు తక్కువ, ఆ గంటలలో రోడ్డెక్కే వాహనాలు ఇంకా తక్కువ. ఈ అంకెలను వార్తలలో ఉటంకించే సందర్భాలలో ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకోవడం సమంజసం.

తొందరే అసలు సమస్య

చినుకులు మొదలవగానే వాహనచోదకులు వేగం తగ్గించడానికి బదులు పెంచుతుండటం రోడ్లపై తరచుగా కనిపించే దృశ్యం. బట్టలు తడుస్తాయన్న బెంగ, సంచిలోని కాగితాలు పాడవుతాయన్న ఆందోళన, జేబులోని ఫోను గురించిన భయం ఇందుకు కారణాలు. రోడ్డు అత్యంత జారుడుగా ఉండేది కూడా సరిగ్గా ఆ సమయంలోనే. ఎండాకాలమంతా రోడ్డుపై పేరుకున్న దుమ్ము, నూనె మరకలు, టైర్ల రబ్బరు పొడి తొలి చినుకులతో కలిసి పలుచని జిగురు పొరగా మారతాయి. జోరుగా కురిసిన వాన కొంతసేపటికి ఈ పొరను కడిగివేస్తుంది. అందుచేత తొలి చినుకులు పడగానే రోడ్డు ప్రక్కన సురక్షితమైన చోట వాహనం ఆపి, వానకోటు తొడుక్కుని, సామాను భద్రపరచుకుని నెమ్మదిగా బయలుదేరడం ఉత్తమం. ఈ కారణంగా వానకోటును సౌకర్యం కోసం ధరించే వస్త్రంగా గాక, హెల్మెట్ వలె రక్షణ సాధనంగానే పరిగణించవలసి ఉంటుంది. తడవననే ధీమా ఉన్న వ్యక్తికి పరుగెత్తవలసిన అవసరం ఉండదు.

బ్రేకు వేసిన తరువాత

గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లే వాహనం సెకనుకు సుమారు 11 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదుట అడ్డంకిని గమనించి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే 11 మీటర్లు గడిచిపోతాయి. టైరు పట్టును సూచించే ఘర్షణ గుణకాన్ని పొడి తారు రోడ్డుపై 0.7గా, తడి రోడ్డుపై 0.4గా తీసుకుని లెక్కిస్తే, ఆ పిదప వాహనం ఆగడానికి పొడి రోడ్డుపై 9 మీటర్లు, తడి రోడ్డుపై 16 మీటర్లు అవసరం. 60 కి.మీ. వేగంలో ఈ దూరాలు వరుసగా 20, 35 మీటర్లు. ముందు వాహనానికి మామూలుగా పాటించే ఎడం వానలో ఎందుకు చాలదో ఈ లెక్క స్పష్టం చేస్తుంది.

నీటిలో నుంచి బయటకు వచ్చిన వెంటనే డ్రమ్ము బ్రేకులు సరిగా పట్టవు. నెమ్మదిగా వెళుతూ బ్రేకును కొన్నిసార్లు తేలికగా నొక్కితే లోపలి తేమ ఆరుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సి.సి. కంటే అధిక సామర్థ్యం గల కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకుపోయి జారకుండా ఈ వ్యవస్థ నివారిస్తుందే గాని, రోడ్డులో లేని పట్టును కల్పించలేదు. టైరు గాడుల లోతు ద్విచక్ర వాహనాలకు కనీసం 0.8 మి.మీ. ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఇది కనీస పరిమితి మాత్రమే. వానాకాలం ఆరంభానికే గాడులు ఆ స్థాయికి చేరిన టైరును మార్చుకోవడం మంచిది.

ఎక్కడ జారుతుంది

తెల్లరంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు, రైల్వే గేట్ల వద్ద పట్టాలు తడిసినప్పుడు గాజు వలె నునుపుగా ఉంటాయి. పట్టాలను ఏటవాలుగా గాక, వీలైనంత నిటారుగా దాటాలి. గోదావరి, కృష్ణా డెల్టాలలో నాట్ల సమయంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కి బురద ముద్దలు వదలి వెళుతుంటాయి. నల్లరేగడి ప్రాంతాలలో ఈ మట్టి చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపివేయగలదు. ఖరీఫ్ కోతల అనంతరం రోడ్ల అంచులలో ఆరబోసిన ధాన్యం, హఠాత్తుగా వాన వచ్చినప్పుడు దానిపై కప్పిన బరకాలు, అవి ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లు రాత్రి వేళ ఎదురుగా వచ్చే వాహనాల వెలుతురులో కనిపించవు. రైతు కష్టం కాదనలేనిదే అయినా, చీకటిలో ఆ రాళ్లు ప్రాణాంతకమని స్థానిక అధికారులు గ్రామాలలో తెలియజెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది.

నగరాలలో ఫ్లైఓవర్ల క్రింద, వంతెనల క్రింద రోడ్డుపైనే గుంపుగా నిలబడటం మరొక అలవాటు. నిలిచినవారు తడవకపోవచ్చు గాని, వెనుక నుంచి వచ్చే బస్సుకు దారి ఉండదు. ఉరుములు వినిపిస్తున్నప్పుడు పక్కా భవనంలోనికి వెళ్లాలి. ద్విచక్ర వాహనం పిడుగు నుంచి ఎటువంటి రక్షణ ఇవ్వదు. చెట్టు క్రింద నిలబడటం మరింత అపాయకరం.

పొంగుతున్న వాగులు

చప్టాపై పారే నీటి లోతు, దాని క్రింద రోడ్డు మిగిలి ఉందో లేదో పైకి కనిపించదు. చక్రాలు సగం మునిగేపాటి ప్రవాహం కూడా వాహనాన్ని ప్రక్కకు నెట్టగలదు. తెలిసిన దారే గదా అన్న నమ్మకంతో దిగరాదు. నిలిచిన నీటిలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. లోపలికి చేరిన నీరు పిస్టన్ కదలికను అడ్డుకుని కనెక్టింగ్ రాడ్డును వంచివేస్తుంది. బండిని నెట్టుకుంటూ గట్టుకు చేర్చి, మెకానిక్‌కు చూపించాలి. విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలపై ఐ.పి.67 అని ఉంటే, పరీక్షలో మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా నీరు చొరబడలేదని అర్థం. చార్జరుకు, ప్లగ్గుకు ఇది వర్తించదు. తడిసిన ప్లగ్గుతో చార్జింగు చేయరాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదలకు విజయవాడలో ద్విచక్ర వాహనాలు పెద్ద సంఖ్యలో నీట మునిగిన సంగతి విదితమే. కేవలం థర్డ్ పార్టీ బీమా ఉన్న వాహనానికి వరద నష్టపరిహారం లభించదు. సొంత వాహన నష్టానికి కూడా వర్తించే సమగ్ర బీమా ఉన్నవారికే ఆ అవకాశం ఉంటుంది.

వానకోటు, సంచి, కాగితాలు

ప్యాంటు, చొక్కా వేర్వేరుగా ఉండే వానకోటు ద్విచక్ర వాహనానికి అనువైనది. దుప్పటి వలె కప్పుకునేది గాలికి ఎగిరి చక్రంలోనో గొలుసులోనో చిక్కుకునే ప్రమాదముంది. నీరు ముందుగా చొరబడేది బట్ట నుంచి కాదు, కుట్ల నుంచి. అందువల్ల కొనేటప్పుడు లోపలివైపు కుట్లపై టేపు అంటించి ఉన్నదీ లేనిదీ చూడాలి. ప్యాంటు అంచును బూటు లోపలికి దోపకుండా బూటు పైకి వదలాలి. లేనిచో కాలి వెంట జారిన నీరంతా బూటులోనే నిలుస్తుంది. వానకోటు టోపీని హెల్మెట్ లోపల పెట్టుకుంటే హెల్మెట్ సరిగా కూర్చోదు, ప్రక్క చూపు తగ్గుతుంది. ముదురు రంగుల కన్నా పసుపు, నారింజ రంగులు వానలో దూరం నుంచి కనిపిస్తాయి. హెల్మెట్ అద్దం ఊపిరికి మసకబారితే కొద్దిగా పైకెత్తి గాలి ఆడనివ్వాలి. నల్లటి అద్దాన్ని వానలో, రాత్రివేళ వాడరాదు.

వెనుక కూర్చున్నవారు గొడుగు తెరవడం అత్యంత ప్రమాదకరం. గాలి ఒక్కసారిగా గొడుగును లాగినప్పుడు దానిని పట్టుకున్న వ్యక్తి వెనక్కు పడిపోతారు. చీర కొంగు, చున్నీ వానకోటు లోపలే ఉండేలా చూసుకోవాలి.

సామాను విషయంలో పై తొడుగు కన్నా లోపలి పొర ముఖ్యం. సంచిపై వేసే తొడుగులోనికి వీపు వైపు నుంచి నీరు దిగి అడుగున చేరుతుంది. దళసరి పాలిథిన్ సంచిని లోపల పరచి, కాగితాలు, కెమెరా అందులో ఉంచి, మూతిని గట్టిగా మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే తక్కువ ఖర్చుతో పూర్తి రక్షణ లభిస్తుంది. మూతిని చుట్టి బిగించే తరహా సంచులకు కనీసం 3 మడతలు పడాలి. సంచిని నోటి వరకు నింపితే మడతలకు చోటుండదు. ఎ.సి. గది నుంచి తీసిన కెమెరాను వెంటనే బయటి తేమలో తెరిస్తే కటకంపై ఆవిరి పడుతుంది. కొంతసేపు సంచిలోనే ఉంచి, తరువాత తీయాలి.

తడిసిన వానకోటును మడిచి డిక్కీలో పెట్టడం వల్లనే అది ఎక్కువగా పాడవుతుంది. లోపలి పూత పొలుసులుగా ఊడి, బూజు పడుతుంది. ఇంటికి చేరగానే నీడలో ఆరవేయాలి. ఇస్త్రీ చేయరాదు.

వాహన పత్రాలను వెంట మోసి తడుపుకోవలసిన పని లేదు. 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ మేరకు లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా పత్రాలను డిజిలాకర్, ఎం-పరివాహన్ ద్వారా ఎలక్ట్రానిక్ రూపంలో చూపవచ్చు.

పిల్లలు వెంట ఉన్నప్పుడు

నాలుగేళ్ల లోపు పిల్లలను చోదకునితో అనుసంధానించే రక్షణ పట్టీ, గరిష్ఠంగా గంటకు 40 కి.మీ. వేగం అనే నిబంధనలు 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోనికి వచ్చాయి. ఆ పట్టీ నీటికి తడవనిదిగా, 30 కిలోల బరువు మోయగలదిగా ఉండాలని కూడా నిబంధన పేర్కొంటున్నది. పెద్దల వరకు, నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఇద్దరూ హెల్మెట్ ధరించాలి. ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ క్రింద 1,000 రూపాయల జరిమానా, 3 నెలల పాటు లైసెన్సుకు అనర్హత విధించవచ్చు.

ప్రమాదం జరిగిన పక్షంలో 108కి గాని, 112కి గాని ఫోను చేయాలి. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన పథకం క్రింద రోడ్డు ప్రమాద బాధితులకు గరిష్ఠంగా 7 రోజుల పాటు 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స లభిస్తుంది. బాధితులను ఆసుపత్రికి చేర్చినవారికి చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. తమ పేరు, చిరునామా తెలియజేయాలని వారిని నిర్బంధించరాదు.