నానిన బఠాణీ, మడిచిన కాగితం

ఎల్‌కేజీ పిల్లల సంచీ తెరిస్తే ఏదో ఒక రోజు రంగు కాగితాల అల్లిక బయటపడుతుంది. ఎర్ర కాగితానికి నిలువుగా గాట్లు, వాటిలోంచి ఒకసారి పైకి, ఒకసారి కిందికి దూరిన పసుప్పచ్చ పట్టీలు. ఇంట్లోవాళ్లు ముచ్చటపడి రెండు రోజులు గోడకు అంటిస్తారు. ఆ తర్వాత అది పాత పేపర్లలో కలిసిపోతుంది.

ఆ అల్లిక, దాని తోబుట్టువులైన కాగితం మడతలు, పుల్లల బొమ్మలు, మట్టి ముద్దలు మన బడుల్లోకి ఊరికే రాలేదు. జర్మనీ కొండల్లో ఒక బడిపంతులు వాటిని ఒక వరుసలో పేర్చాడు. ఒక ప్రభుత్వం ఆయన బడుల్ని నిషేధించింది. అయినా ఆ పనులు అమెరికా, జపాన్ చుట్టి, మద్రాసులో ఒక గణిత గ్రంథానికి ఊపిరి పోశాయి. ఈ కథ పొడుగునా ఒక్క సంగతే మళ్లీ మళ్లీ రుజువవుతూ వచ్చింది. పసివాళ్ల చేతికి ఎంత సాదా సరుకు ఇస్తే వాళ్ల బుర్రకు అంత ఎక్కువ పని దొరుకుతుంది.

స్ఫటికాలు చూసిన కళ్లు

ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని థురింజియా ప్రాంతంలో ఒక పాస్టరు ఇంట పుట్టాడు. ఏడాదైనా నిండకముందే తల్లి పోయింది. పెద్దయ్యాక కొన్నాళ్లు అటవీ ఉద్యోగి దగ్గర పని నేర్చుకున్నాడు. స్విట్జర్లాండులో విద్యావేత్త పెస్టలోజీ నడిపే బడికి వెళ్లి, పిల్లలకు మాటలకన్నా వస్తువులే బాగా చెప్తాయన్న పాఠం అక్కడ వంటబట్టించుకున్నాడు. తర్వాత బెర్లిన్‌లో ఖనిజ శాస్త్రవేత్త క్రిస్టియన్ వైస్ దగ్గర స్ఫటికాలను వర్గీకరించే పనిలో కుదిరాడు. ఎంత చిక్కుగా కనిపించే స్ఫటికమైనా కొన్ని సరళమైన ఆకారాల నుంచే పెరుగుతుందని అక్కడ చూశాడు.

ఆ చూపుతోనే ఆయన పిల్లల ఆటకు సరుకులు తయారుచేశాడు. మొదటిది ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. విడదీస్తే ఎనిమిది, కలిపితే ఒకటి. బల్ల కట్టొచ్చు, మెట్లు కట్టొచ్చు, మళ్లీ పెట్టెలో సర్దొచ్చు. వీటితో పాటు చేతిపనులు ఉండేవి: కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం, అట్ట మీద సూదితో చుక్కలు గుచ్చి బొమ్మ గీయడం, దారంతో కుట్టడం, మట్టితో చేయడం, నానబెట్టిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టడం. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టిన ఈ ప్రయత్నానికి 1840లో ఆయన కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

అప్పటికి లోకం దృష్టిలో ఆరేళ్లలోపు పిల్లల ఆట ఆటే, చదువు కాదు. ఆటలోనే చదువు ఉందని, దాన్ని నేర్పడానికి ఆడవాళ్లకు పద్ధతిగా శిక్షణ ఇవ్వాలని ఫ్రోబెల్ పట్టుబట్టాడు. 1851 ఆగస్టులో జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం ఈ బడులు నాస్తికత్వాన్ని, సోషలిజాన్ని నూరిపోస్తున్నాయంటూ నిషేధించింది. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ రాసిన ఒక పుస్తకాన్ని ఈయనకు అంటగట్టడం అందుకు ఒక కారణం. పొరపాటని మొరపెట్టుకున్నా వినలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం 1860లో గానీ తొలగలేదు. ఈలోగా ఆయన శిష్యులు ఆ పనుల్ని వెంటబెట్టుకుని దేశాలు దాటారు. 1856లో మార్గరెట్ షుర్జ్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వాటర్‌టౌన్‌లో జర్మన్ పిల్లల కోసం కిండర్‌గార్టెన్ తెరిచింది. 1876లో టోక్యోలో మహిళా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అనుబంధంగా ఒకటి వెలిసింది. కాగితం మడతలో జపాన్ వాళ్లకు అప్పటికే సొంత సంప్రదాయం ఉంది. జర్మనీ మడతలు వచ్చి దానితో కలిశాయి.

బఠాణీ నేర్పిన త్రిభుజం

ఫ్రోబెల్ చెప్పిన పనుల్లో అన్నిటికన్నా చవకైంది బఠాణీల పని. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక కిండర్‌గార్టెన్ టీచరు పిల్లలందరికీ బఠాణీలు, పుల్లలు పంచింది. మిగతా పిల్లలు ఇళ్లు చూసినవాళ్లు కాబట్టి ఇళ్లలాగే పెట్టెలు కట్టారు. ఒక పిల్లవాడికి మాత్రం చూపు సరిగా ఆనదు. గోడలు, గుమ్మాలు మసగ్గా తప్ప ఎరగడు. వాడు చేతి స్పర్శనే నమ్ముకున్నాడు. నాలుగు పుల్లల చతురస్రం వేళ్ల మధ్య ఊగిపోతోంది. మూడు పుల్లల త్రిభుజం కదలడం లేదు. అందుకని త్రిభుజాల మీద త్రిభుజాలు గుచ్చుకుంటూ పోయాడు. ఆ పిల్లవాడు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలో అమెరికా మంటపంగా లేచిన బ్రహ్మాండమైన గోళాకారపు కట్టడాన్ని రూపొందించింది ఆయనే. త్రిభుజాల అల్లికతో బరువు మోసే నిర్మాణానికి ఆయన 1961లో పేటెంట్ కూడా పొందాడు. దాని మొదలు ఆ బఠాణీల బల్ల దగ్గరే పడిందని తానే చెప్పుకున్నాడు.

వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌దీ ఇలాంటి కథే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాళ్లమ్మ ఫ్రోబెల్ చెక్క ఘనాలను చూసి కొడుకు కోసం తెచ్చింది. ఆ చెక్కలు తన వేళ్లలోనే ఉండిపోయాయని ఆయన ముసలితనంలో కూడా అంటుండేవాడు. పుల్లలు గుచ్చిన పిల్లలందరూ ఇంజినీర్లు అవుతారని కాదు. త్రిభుజం కదలదన్న నిజం చిన్నారి ఫుల్లర్‌కు ఎవరూ చెప్పలేదు, వాడి వేళ్లే కనిపెట్టాయి. ఈ కథలో విలువైన సంగతి అదే.

మద్రాసు మడతలు

1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన ఇంగ్లీషులో ఒక గణిత పుస్తకం ప్రచురించారు. కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకం అది. ఈ ఆలోచన తనకు కిండర్‌గార్టెన్ ఎనిమిదో సరుకు నుంచి, అంటే కాగితం మడత నుంచి తట్టిందని ఆయన ముందుమాటలోనే చెప్పారు. రెండు వందల రంగు కాగితపు చతురస్రాలు, మడత నొక్కే ఒక పనిముట్టు, బొమ్మలతో సూచనలు, అంతే ఆ సరుకు. పసిపిల్లల కోసం వచ్చిన ఆ కాగితాలతోనే ఆయన త్రిభుజం, పంచభుజి, షడ్భుజి మొదలుకొని వక్రరేఖల దాకా నడిచారు. వృత్తలేఖిని, కోణమానిని అక్కర్లేదు. ఒక చిన్న చాకు, కొన్ని కాగితం ముక్కలు చాలన్నారు.

జర్మనీలో మహా గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ తన పుస్తకంలో దీన్ని ప్రస్తావించాడు. అది చూసి ఇద్దరు అమెరికన్ ఆచార్యులు సుందరరావు పుస్తకాన్ని వెతికి పట్టుకుని, సంస్కరించి, 1901లో షికాగోలో అచ్చు వేయించారు. జర్మనీ పసిపిల్లల ఆట మద్రాసులో గణితమై తిరిగి జర్మనీ పండితుల బల్ల మీదికి చేరింది.

ఆ పుస్తకంలోని సమబాహు త్రిభుజాన్ని ఇప్పుడే చేసి చూడొచ్చు. ఒక చతురస్రపు కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పండి. మధ్యలో ఒక గీత పడుతుంది. కింది ఎడమ మూలను వేలితో అదిమి పట్టి, కింది కుడి మూలను ఎత్తి సరిగ్గా ఆ మధ్య గీతకు తాకించండి. తాకిన చోట చుక్క పెట్టి కాగితం విప్పండి. ఆ చుక్క నుంచి కింది రెండు మూలలకూ గీతలు గీస్తే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం తయారు. ఎందుకు సమానం? పైకి లేచింది కాగితం కింది అంచే కాబట్టి దాని పొడవు మారలేదు. చుక్క మధ్య గీత మీద ఉంది కాబట్టి రెండు మూలలకూ ఒకే దూరం. ఆరేళ్ల పిల్లకు ఇది మంత్రం, పన్నెండేళ్ల పిల్లకు నిరూపణ.

బెండు బండి నుంచి అగ్గిపుల్లల దాకా

ఈ పనులు మన పిల్లలకు పరాయివేమీ కావు. జొన్న పండే ఊళ్లలో కోతలయ్యాక పిల్లలు దంటు మీది పెచ్చును చీల్చి పుల్లలు తీసేవాళ్లు. లోపలి తెల్లటి బెండును ముక్కలు కోసేవాళ్లు. బెండుకు పుల్ల గుచ్చితే చక్రం, ఇరుసు, కాడి, చివరికి ఎద్దుల బండి. అదే సరుకుతో కళ్లద్దాలు, నాగలి. ఫ్రోబెల్ బఠాణీ చేసే పని ఇక్కడ బెండు చేస్తుంది. తాటాకుతో గిరగిర తిరిగే చక్రం, కొబ్బరాకుతో బూర, వాన నీటిలో కాగితం పడవ, చెరువు మట్టితో వినాయకుడు. వీటికి బడి లేదు, పుస్తకం లేదు. పెద్ద పిల్లల చేతుల్లో చూసి చిన్న పిల్లలు నేర్చుకునేవాళ్లు.

ఈ చేతిపనిని బడి మధ్యకు తేవాలని గాంధీజీ తలపెట్టారు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సభ తర్వాత పాఠ్య ప్రణాళిక రాసే సంఘానికి జాకీర్ హుస్సేన్ అధ్యక్షుడయ్యారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆయన హైదరాబాదులో పుట్టినవారే. నూలు వడకడం, వ్యవసాయం, అట్ట పని వంటి వృత్తుల చుట్టూ లెక్కలు, భాష, సైన్సు అల్లాలన్నది నయీ తాలీమ్ (కొత్త చదువు) అనే ఆ ప్రణాళిక ఉద్దేశం. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు వెళ్లదీయాలన్న ఆలోచన మీద అప్పట్లోనే గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయముంది. చేసిన వస్తువుకు ధర కట్టిన మరుక్షణం పిల్లల తప్పులకు చోటుండదు. తప్పులు లేకపోతే నేర్చుకోవడమూ ఉండదు.

ఆ తర్వాతి మలుపు మధ్యప్రదేశ్‌లో. 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 పల్లె బడుల్లో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పే కార్యక్రమం మొదలైంది. కాన్పూర్ ఐఐటీలో చదివి ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్లారు. సంతలో దొరికే సామానుతో ఏం చేయొచ్చని చూస్తే సైకిల్ వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలు కనిపించాయి. చిన్న ట్యూబు ముక్కకు రెండు వైపులా మందు గీకేసిన అగ్గిపుల్లలు దూరిస్తే ఒక అతుకు. నాలుగు పుల్లలు కలిపితే చతురస్రం ఊగుతుంది, మూడు కలిపితే త్రిభుజం నిలబడుతుంది. మసాచుసెట్స్ పిల్లవాడి వేళ్లకు తెలిసిన నిజమే హోషంగాబాద్ పిల్లల వేళ్లకూ తెలిసింది. చెత్తలోంచి బొమ్మలు చేయడం దేశమంతటికీ నేర్పిన గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

చెడిపోయిన చోటు

ఈ చరిత్రలో మనం మరిచిపోకూడని పాఠం ఇంకొకటి ఉంది. ఫ్రోబెల్ పోయాక ఆయన అనుచరులు కొందరు ఆ పనుల్ని కవాతుగా మార్చారు. టీచరు చెప్పినప్పుడే ఘనం ఎత్తాలి, చెప్పిన చోటే పెట్టాలి. నాలుగేళ్ల పిల్లలు గంటల తరబడి సన్నని చుక్కలు గుచ్చాలి. కళ్లకూ వేళ్లకూ ఇది చేటని 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని టీచర్లే ఎదురు తిరిగారు. వాళ్లలో ఒకరైన పాటీ స్మిత్ హిల్ పిల్లలు లోపలికి దూరి ఆడుకునేంత ఇల్లు కట్టగల పెద్ద పెద్ద చెక్కలు చేయించింది.

అదే కవాతు ఇప్పుడు వేరే రూపంలో మన ఇళ్లలోకి వచ్చింది. ముందే కత్తిరించి, గుర్తులు పెట్టిన కిట్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి. పిల్లలు అంటించడం తప్ప చేసేదేమీ లేదు. లేదంటే బడి అడిగిన ప్రాజెక్టును అమ్మానాన్నలు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చేస్తారు. పొద్దున్నే పిల్లవాడు దాన్ని మోసుకెళ్లి మార్కులు తెస్తాడు. చేయి కదిలింది పెద్దవాళ్లది, పేరు పిల్లవాడిది. ఇందులో పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే: తన పని చాలదని.

ఈ ఆదివారం చేయించండి

బఠాణీల పనికి ఎండు బఠాణీలను రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్లు వంచి గుడ్డ మీద ఆరబోయండి. టూత్‌పిక్‌ల మొనలు కాస్త విరిచి ఇవ్వండి. ముందు త్రిభుజం, తర్వాత చతురస్రం, ఆపై వాళ్లిష్టం. కట్టిన బొమ్మను ఒకటి రెండు రోజులు ఆరనిస్తే బఠాణీ ముడుచుకుని పుల్లను గట్టిగా పట్టేస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలకు మాత్రం గింజలు వద్దు, ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. వాళ్లకు చపాతీ పిండి ముద్ద చాలు.

అల్లికకు ఒక రంగు కాగితాన్ని మడిచి, మడత వైపు నుంచి వేలి వెడల్పంత ఎడంతో గాట్లు పెట్టండి. అంచు దాకా కోయొద్దు. ఇంకో రంగు కాగితం పట్టీలు కోసివ్వండి. మొదటి పట్టీ పైనుంచి మొదలైతే రెండోది కిందినుంచి, నవారు మంచం అల్లినట్టే. నాలుగేళ్ల పిల్లలు వరుస తప్పుతారు. తప్పనివ్వండి. అల్లిక జారిపోయినప్పుడు ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి వెతకడమే అసలు పాఠం.

బడులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. వారానికి ఒక గంట పిల్లల ముందు కాగితమో, మట్టో, పుల్లలో పెట్టి చేతులు కట్టుకు కూర్చోండి. వంకర గీతను సరిచేయకండి. ఇదేమిటని అడిగే ముందు ఎలా చేశావని అడగండి. ఆ గంటకు మార్కులు వద్దు, ఫొటోలు వద్దు, పోటీలు అసలే వద్దు. గుప్పెడు బఠాణీలకు, నాలుగు చిత్తు కాగితాలకు అయ్యే ఖర్చు పేద బడికీ బరువు కాదు. పిల్లల వేళ్ల మీద పెద్దలు ఉంచాల్సిన నమ్మకమే దొరకడం కష్టమవుతోంది.