కావాలని ఓడిన ఆటను గుర్తుపట్టడం ఎలా?

చదరంగంలో గెలవాలంటే ఎదుటివాడు అడ్డుపడతాడు. ఓడాలనుకుంటే అడ్డుపడేవాడు ఉండడు. ఆన్‌లైన్‌లో అయితే రిజైన్ బటన్ ఒక్కటి నొక్కితే చాలు. ఇలా కావాలని ఓడిపోతూ రేటింగ్ దింపుకోవడాన్ని ఆటగాళ్లు సాండ్‌బ్యాగింగ్ అంటారు. లిచెస్, చెస్ డాట్ కామ్ సైట్లు రెండింటిలోనూ ఇది నిషిద్ధం. కానీ ఫలానావాడు ఫలానా ఆట కావాలనే ఓడాడని దేన్నిబట్టి చెప్పాలి?

ముందు, ఇలా ఓడేవాళ్లకు దక్కేదేమిటో చూద్దాం. ఎలో రేటింగ్ లెక్క ప్రకారం 400 పాయింట్ల తేడా ఉన్న ఇద్దరు వంద ఆటలాడితే పైవాడికి దాదాపు 91 పాయింట్లు రావాలి. అసలు బలం 1900 ఉన్నవాడు 1500 లోపు పోటీలో కూర్చుంటే, సమఉజ్జీతో ఆడుతున్నానని నమ్మిన పిల్లవాడికి మిగిలేది తొమ్మిది. ఆ పిల్లవాడు తన ఆటే పాడైపోయిందనుకుంటాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

డబ్బు ఉన్నచోట ఈ ఆశ ఇంకా పెరుగుతుంది. ఎక్కువగా ఫిలడెల్ఫియాలో జరిగే వరల్డ్ ఓపెన్ చెస్ టోర్నీలో రేటింగ్ తరగతుల వారీగా పెద్ద నగదు బహుమతులుంటాయి. దీన్ని అరికట్టడానికి అమెరికా చెస్ సమాఖ్య రేటింగ్‌కు ఒక అడుగు హద్దు పెట్టింది. ఒకసారి 1941 దాకా ఎక్కినవాడి రేటింగ్, ఆ తర్వాత ఎన్ని ఆటలు ఓడినా 1700 కన్నా కిందికి దిగదు.

ఇక సాక్ష్యం సంగతి. వరుసగా పది ఓటములు కనిపిస్తే చాలామంది వేలెత్తి చూపుతారు. తొందరపడకూడదు. డ్రాలు లేవనుకుంటే, సమానబలులతో ఆడేవాడు వరుసగా పది ఓడే అవకాశం 1024లో ఒకటి. చాలా అరుదు అనిపిస్తుంది. కానీ అతను రెండు వేల ఆటలు ఆడితే అలాంటి వరుస సగటున ఒకసారి తగులుతుంది. అతివేగపు బుల్లెట్ ఆటలు ఆడేవాళ్లకు రెండు వేల ఆటలు కొద్ది నెలల పని. పైగా ఓడిన కసితో అర్ధరాత్రి దాకా ఆడేవాళ్లుంటారు, అన్న ఖాతాలో తమ్ముడు ఆడే ఇళ్లూ ఉంటాయి.

కాబట్టి ఓటముల లెక్క చాలదు, ఓడిన తీరు చూడాలి. లిచెస్ 2013 జనవరి నుంచి తన రేటెడ్ ఆటలన్నిటినీ నెలవారీగా బహిరంగంగా విడుదల చేస్తోంది. 2017 ఏప్రిల్ నుంచి ప్రతి ఎత్తు దగ్గరా గడియారంలో మిగిలిన సమయం కూడా ఉంటుంది. ఉదాహరణకు ఇలాంటి ఆట ఒకటి ఊహించుకోండి: మూడు నిమిషాల బ్లిట్జ్. తెల్లబంటు ఈ4, నల్లబంటు ఈ5, తెల్లరాజు ఈ2, వెంటనే రిజైన్. గడియారంలో ఇంకా 2 నిమిషాల 56 సెకన్లున్నాయి. ఇలాంటివి ఒకే సాయంత్రం నలభై ఉండి, రేటింగ్ 1500 గీత దాటి దిగగానే ఆగిపోయి, తర్వాత పోటీలో నలభై ఎత్తుల ఎండ్‌గేమ్‌లు తప్పులేకుండా గెలిస్తే, అప్పుడు అనుమానానికి బలం ఉంటుంది. మూడూ కలిసి ఉండాలి. గీత దగ్గర ఆగడం ఒక్కటే రుజువు కాదు. ఆన్‌లైన్ చెస్ ఆటలపై ఆండర్సన్, గ్రీన్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నిజాయితీగా ఆడేవాళ్లు కూడా తమ అత్యధిక రేటింగ్ చేరగానే ఆట ఆపేస్తుంటారు.

తెలివిగా ఓడేవాడు 35వ ఎత్తు దాకా ఆడి మంత్రిని ఊరికే వదిలేస్తాడు. దాన్నీ మామూలు పొరపాటునూ ఒక్క ఆటలో విడదీయలేం.

ఈ ఇబ్బంది చెస్‌కే పరిమితం కాదు. 2002లో పరిశోధకులు డగ్గన్, లెవిట్ జపాన్ సుమో పోటీలను పరిశీలించారు. 7–7తో (ఏడు గెలుపులు, ఏడు ఓటములతో) చివరి రోజుకు చేరి, ఇంకొక్క గెలుపు తప్పనిసరైన మల్లులు 8–6 వాళ్లపై సుమారు 80 శాతం గెలిచారు. రావలసింది సగానికి కాస్త తక్కువ. అదే జంట మళ్లీ తలపడినప్పుడు ఆ గెలుపు 40 శాతానికి పడిపోయింది. గుంపులో కుమ్మక్కు ఉందనడానికి అది గట్టి ఆధారమే. ఫలానా కుస్తీ అమ్ముడుపోయిందని మాత్రం దానితో చెప్పలేం.

అందుకే మనసులోని ఉద్దేశాన్ని చదవాల్సిన పనిలేని నియమాలే మేలని నా అభిప్రాయం. లిచెస్‌లో గరిష్ఠ రేటింగ్ షరతు ఉన్న పోటీలకు ఆ రోజు రేటింగ్ ఒక్కటే చూడరు, గడిచిన వారంలో చేరిన అత్యధిక రేటింగ్‌నూ చూస్తారు. మంచి పద్ధతే, కానీ వారం ఆగగల ఓపిక ఉన్నవాడికి అది అడ్డంకి కాదు.

రేటింగ్ పరిమితితో ఆన్‌లైన్ టోర్నీలు పెట్టే మన నిర్వాహకులకు ఒక విన్నపం. ప్రవేశానికి ఏడాది కాలంలోని గరిష్ఠ రేటింగ్ చూడండి. అనుమానం వస్తే చాట్‌లో ఎవరినీ దొంగ అనకుండా, ఆ ఆటల లింకులన్నీ వరుసగా పెట్టి సైటుకు ఫిర్యాదు పంపండి.