పాడియింటి పాత ట్రాక్టరు

కృష్ణాజిల్లా మెట్టభాగమై యుండి 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో ఒకప్పుడు సేద్యమనగా ఎద్దులే. నల్లరేగడిని గుంటకతో తోలి, గొర్రుతో జొన్న విత్తెడివారు. ఆ జొన్నచొప్పయే ఎద్దులకును గేదెలకును మేత.

1959లో ఫరీదాబాదున ఐషర్ సంస్థ మన దేశపు తొలి ట్రాక్టరును నిర్మించెను. 1967లో నాగార్జునసాగర్ జలములను కాలువలకు వదలిరి. కాలక్రమమున ఎడమకాలువ నీరు ఈ మెట్టకును చేరెను. తడిపంటలతో పని పెరిగెను. ట్రాక్టరు ఊళ్ళలో ప్రవేశించెను.

పాడిగల ఇంట పాతబడిన ట్రాక్టరుకు దుక్కి యొక్కటే పని కాదు. ట్రక్కు తగిలించినచో, వేసవిలో పెంటపోగును చేనికి చేర్చును. కోతల పిమ్మట చొప్పను, వరిగడ్డిని వామి దగ్గరకు తెచ్చును. పని లేని నాడు దానికి మేత అక్కరలేదు.

అయినను ఒక లోటు కలదు. ఎద్దు మేత మేసి పేడ నిచ్చును. ట్రాక్టరు చమురు త్రాగి పొగ నిచ్చును. ఎద్దులు తగ్గినకొలది చేనికి ఎరువు తగ్గును. ఆ లోటు తీర్చునది గేదెయే. దాని పాలు కేంద్రమునకును, పేడ ట్రాక్టరుపై పొలమునకును పోవుచున్నంత కాలము నేల బలము నిలుచును. కొట్టము ఖాళీయైన నాడు ఆ ట్రక్కున కెక్కునవి కొన్న ఎరువుల బస్తాలే.