వాహనాల ఎల్ఈడీ దీపాల్లో మిణుకు

వాహనాల ఎల్ఈడీ దీపాలు చాలావరకు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తూనే సెకనుకు వందసార్లో, అంతకంటే ఎక్కువసార్లో ఆరి వెలుగుతుంటాయి. ఈ మిణుకు ఎల్ఈడీకి పుట్టుకతో వచ్చిన లోపం కాదు. కాంతిని తగ్గించడానికి తయారీదారులు ఎంచుకున్న పద్ధతి వల్ల వచ్చింది.

అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి వెనక ఎత్తులో మూడో బ్రేక్ లైటు తప్పనిసరైంది. వాహనాల బయటి దీపాల్లో ఎల్ఈడీలు మొదట వచ్చింది ఆ చోటికే. ఫిలమెంటు బల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చే డ్రైవరుకు దీనివల్ల సుమారు 5.5 మీటర్ల దూరం కలిసొస్తుంది. 2000 మోడల్ కాడిలాక్ డివిల్‌తో టెయిల్ లైట్లు, 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్‌తో హెడ్‌లైట్లు ఎల్ఈడీలయ్యాయి.

ప్రాణాలు కాపాడే ఆ వేగమే మిణుకుకూ మూలం. చాలా కార్లలో టెయిల్ లైటుగా, బ్రేక్ లైటుగా పనిచేసేవి అవే ఎల్ఈడీలు. బ్రేకు నొక్కితే కరెంటు నిరంతరంగా అందుతుంది; నొక్కనప్పుడు విడతలు విడతలుగా అందుతుంది. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. 100 హెర్ట్జ్ దగ్గర పదో వంతు కాంతి కావాలంటే దీపం 1 మిల్లీసెకను వెలిగి, 9 మిల్లీసెకన్లు ఆరిపోవాలి. ఫిలమెంటైతే అంతలో చల్లారదు.

చూపు నిలిచి ఉన్నంతసేపు ఇది కంటికి తెలియదు. డ్రైవరు అద్దం నుంచి రోడ్డు మీదికి చూపు మరల్చిన క్షణంలో మాత్రం ఒక్క ఎర్రదీపం చుక్కల వరుసై సాగుతుంది. చూపు కదిలేటప్పుడు 1,000 హెర్ట్జ్ దాటిన మిణుకు కూడా కనబడగలదని రాబర్ట్స్, ఆర్నాల్డ్ విల్కిన్స్ 2013లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. రాత్రి రద్దీలో ఈ చుక్కలు ధ్యాస చెదరగొడతాయి. మూర్ఛను ప్రేరేపించేది ప్రధానంగా 3 నుంచి 30 హెర్ట్జ్ మిణుకు కాబట్టి, సవ్యంగా పనిచేసే టెయిల్ లైటుతో ఆ భయం తక్కువ.

కెమెరాల ఇబ్బంది వేరు. పట్టపగలు ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకనుకు తగ్గితే, వెలుగుతున్న దీపం ఆరినట్టు నమోదు కావచ్చు. కెమెరా చూసి నిర్ణయం తీసుకునే వాహనానికి ఇది నిజమైన ముప్పు. అందుకే ఈ మిణుకును తట్టుకునే ప్రత్యేక సెన్సర్లు తయారయ్యాయి. దీపం వైపు నుంచైతే, పౌనఃపున్యాన్ని కిలోహెర్ట్జ్‌లలోకి పెంచవచ్చు, లేదా విడతలు మానేసి కరెంటునే తగ్గించవచ్చు.

కొన్ని పాత ద్విచక్ర వాహనాల్లో మిణుకుకు కారణం వేరు. భారత్‌లో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైటు ఇంజను నడిచినంతసేపూ వెలిగే ఉండాలి. అంతకుముందు వచ్చిన బళ్లలో చాలావాటి హెడ్‌లైటుకు బ్యాటరీ నుంచి కాక నేరుగా ఏసీ కరెంటు అందేది. అలాంటి బండికి బజారు ఎల్ఈడీ బల్బు బిగిస్తే, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లైటు కంటికి తెలిసేలా కొట్టుకుంటుంది.