పిస్తోలు ఒర కుట్టినవాడు

దీపావళికి రీలు తుపాకీ కొనని ఇల్లు ఉంటుందా అండీ? ఉంటే ఆ ఇంట్లో మగపిల్లలు లేరనుకోవాలి. మా ఇంట్లో తుపాకీ కొన్నంత మాత్రాన గొడవ తీరలేదు. దాన్ని పెట్టుకోవడానికి నడుముకి తోలు ఒర కావాలన్నాడు మావాడు, సినిమాలో కౌబాయ్‌కి ఉన్నట్టుగా. సరే, చిరిగిన హ్యాండ్‌బ్యాగు ఒకటి విప్పదీసి, రెండు గంటలు కూచుని కుట్టి ఇచ్చాను. వాడు కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చెయ్యి విసురుగా వేసి లాగాడు. ఒర వచ్చింది, బెల్టు వచ్చింది, నిక్కరు కూడా సగం దాకా వచ్చింది, తుపాకీ మటుకు రాలేదు!

ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. కాని తరవాత నాకో సందేహం పట్టుకుంది. మరి తెరమీది హీరోకి అది కనురెప్పపాటులో చేతిలోకి ఎలా వస్తుంది? ఆ సంగతి తెలుసుకోబోతే ఆర్వో ఓజాలా అనే తోలుపనివాడి కథ దొరికింది. ఆయన పేరు మీలో ఎవరూ విని ఉండరు. ఆయన చేతిపనిని మటుకు అందరం చూశాం.

ముందుగా ఓ మాట చెప్పాలి. అమెరికాలో పశువులు తోలుకుంటూ తిరిగిన అసలు కౌబాయ్‌ల కాలంలో ఇలాంటి ఒర లేదు. శామ్యూల్ కోల్ట్ అనే ఆయన తిరుగుడు చక్రం ఉన్న పిస్తోలుకి పేటెంటు తీసుకున్నది 1836లో. ఆ తొలిరోజుల పిస్తోళ్ళు బరువు ఎక్కువ, అందుకని ఒరలు గుర్రం జీనుకి వేళ్ళాడేవి. నడుముకి ఎక్కిన తరవాత కూడా వాటి ఉద్దేశం వేరు. గుర్రం దౌడు తీస్తుంటే జారిపోకూడదు, దుమ్మూ వానా తగలకూడదు. కనక ఒర లోతుగా ఉండేది, పిస్తోలు సగానికి పైగా దాంట్లో మునిగి ఉండేది. మన కళ్ళజోడు కేసు ఎలాగో అదీ అలాగే: దాచడానికేగాని లాగడానికి కాదు.

1870ల తరవాత బాగా చెల్లిన ఒర కత్తిరింపు మన ఆడవాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది. తోలు ఒకటే ముక్క. సగం ఒరకి, సగం వెనక రేకకి. ఆ వెనక రేకని బెల్టు మీదుగా కిందికి మడిచి, దానికి అడ్డంగా రెండు గాట్లు పెట్టి, ఆ గాట్లలోంచి ఒరని దూర్చేసేవారు. కుట్టు ఒక పక్కనే. ఆరెతో కన్నాలు పొడిచి, మైనం పట్టించిన నార దారం రెండు సూదులకి ఎక్కించి, ఒకటి ఇటునుంచీ ఒకటి అటునుంచీ అదే కన్నంలో దూర్చి బిగించే కుట్టు అది. ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. జీనులు కుట్టేవాళ్ళే ఈ ఒరలూ కుట్టేవారు. కుట్టిన తరవాత తోలు తడిపి, లోపల పిస్తోలు పెట్టి, వేళ్ళతో నొక్కి ఆరనిచ్చేవారు. ఆరాక తోలుకి ఆ ఆకారం నిలిచిపోతుంది. ఇలా నిలిచేది చెట్టుబెరడుతో పదును చేసిన తోలుకే. అక్కడ ఓక్ చెట్టు బెరడు వాడారు. మనవైపు ఇదే పనికి తంగేడు బెరడు వాడారు. ఆ తోళ్ళు మద్రాసు రేవునుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళేవి. బతుకమ్మలో పేర్చుకునే ఆ పచ్చటి పూల చెట్టుకి ఇంత కథ ఉంది!

మరి నడివీధిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడడం, ఎవరు ముందు లాగితే వాడిదే గెలుపు కావడం? అది జరిగింది బహు అరుదు. వైల్డ్ బిల్ హికాక్ అనే పేరుమోసిన తుపాకీవీరుడు పిస్తోళ్ళు నడుముకి చుట్టిన గుడ్డ పటకాలో దోపుకునేవాడు. 1881 అక్టోబరు 26న టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో జరిగిన కాల్పుల మీద ఎన్ని సినిమాలు తీశారో లెక్కలేదు. ఆ కాల్పుల్లో పాల్గొన్న వయట్ ఎర్ప్ తన పిస్తోలు కోటు జేబులో ఉందని తరవాత వాఙ్మూలం ఇచ్చాడు. కోటు జేబులో! అసలా తగువు వచ్చిందే ఊళ్ళోకి తుపాకులు తేకూడదన్న చట్టం దగ్గర. అలాంటి చట్టం అప్పట్లో మరికొన్ని ఊళ్ళకీ ఉండేది. ఊళ్ళోకి రాగానే తుపాకీ అప్పగించి, వెళ్ళేటప్పుడు తీసుకోవాలి.

ఇప్పుడు ఓజాలా దగ్గరికి వద్దాం. ఆయన 1920లో పుట్టాడు, వాషింగ్టన్ రాష్ట్రంలో పెరిగాడు, ఇంటిపేరు ఫిన్లండు వాళ్ళది. హాలీవుడ్ చేరేనాటికి అక్కడ కౌబాయ్ చిత్రాల జోరు మహా ఎక్కువగా ఉంది. అందులో ‘గన్‌స్మోక్’ అనేది మొదట రేడియో నాటకం. 1952లో మొదలైంది. విలియం కాన్రాడ్ అనే ఆయన గొంతే హీరో. ఆయన లావుపాటి మనిషి, అయితేనేం, వినేవాళ్ళకి కనపడతాడా? 1955లో అది టెలివిజన్‌కి ఎక్కగానే ఆరున్నర అడుగుల జేమ్స్ ఆర్నెస్‌ని తెచ్చారు. (రేడియోలో మాట్లాడే మావంటివాళ్ళకి ఇదో ఊరట లెండి.) రేడియోలో అయితే ‘ధన్’ మన్న చప్పుడు చాలు. తెర మీద చెయ్యి కనపడాలి, ఒర కనపడాలి, పిస్తోలు ఠక్కున రావాలి. పాత ఒరలతో అది జరిగే పని కాదు. నేను కుట్టిన ఒరలాగే పట్టేసుకుంటుంది.

ఓజాలా చేసిన పని చెబితే ‘ఇంతేనా’ అంటారు. రెండు పొరల తోలు మధ్య పలచటి లోహపు రేకు పెట్టి కుట్టాడు. అంతే! కాని దానితో ఏం జరిగిందో చూడండి. తోలు లోపలికి ముడుచుకోదు, ఒర గిన్నెలాగ ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. లోపలున్న పిస్తోలు చక్రానికి తిరగడానికి చోటు దొరికింది. అంటే వెనకనున్న మీటని ఒరలో ఉండగానే బొటనవేలితో వెనక్కి లాగి, బయటికి వస్తూనే పేల్చవచ్చు. సగం పని లోపలే అయిపోయిందన్నమాట. ఒరని బెల్టుకి బాగా కిందుగా, చెయ్యి సహజంగా వేళ్ళాడే చోట కట్టే పద్ధతి టెక్సాస్‌లో శామ్ మైరెస్ వంటి జీను పనివాళ్ళు అంతకుముందే తెచ్చారు. ఓజాలా దానికి ఈ రేకు జోడించి 1958లో పేటెంటు తీసుకున్నాడు. నటుల కొలతలు తీసుకుని ఒరలు కుట్టడమే కాదు, లాగడం కూడా తనే నేర్పాడు. 1959 నాటికి అమెరికా టెలివిజన్‌లో కౌబాయ్ ధారావాహికలు ముప్పై దాకా ఉండేవి. అంటే ఎన్ని నడుములో ఊహించుకోండి.

‘గన్‌స్మోక్’ మొదలయ్యేటప్పుడు ప్రతివారం ఓ దృశ్యం వచ్చేది. ఖాళీ వీధి. ఇవతల హీరో, అవతల ఒక దుష్టుడు. ఇద్దరూ లాగుతారు, దుష్టుడు పడిపోతాడు. ఆ పడిపోయేది ఓజాలాయే! హీరోకి లాగడం నేర్పిన గురువు ఏళ్ళ తరబడి శిష్యుడి చేతిలో వారం వారం చచ్చిపోయాడు. కోట్లమంది చూశారు, పేరు తెలిసినవాళ్ళు ఎందరుంటారు?

మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఈ ఒరలు మామూలు జనానికీ అమ్మారు. 1950ల చివర అమెరికాలో వేగంగా లాగడం ఒక పిచ్చిలా పట్టుకుంది. తూటాలున్న పిస్తోళ్ళతో సాధన చేస్తూ, బయటికి రాకముందే పేల్చుకుని, తమ కాలినో తొడనో తామే కాల్చుకున్నవాళ్ళు ఎందరో. పోటీల్లో మైనపు తూటాలూ, ఉత్తుత్తి తూటాలూ వాడడం మొదలుపెట్టారు. కెమెరా కోసం కుట్టిన వస్తువుని చరిత్ర అనుకుని నడుముకి కట్టుకుంటే అయ్యే పని అది. నా మటుకు నాకు ఓజాలా నేర్పు మీద గౌరవం ఉంది. ఆ కాళ్ళ మాట తలచుకుంటే మటుకు మనసు చివుక్కుమంటుంది.

ఆయన దగ్గర పనిచేసిన ఆండీ ఆండర్సన్ తరవాత వేరే దుకాణం పెట్టాడు. అలా గురువునించి శిష్యుడికి ఆ కత్తిరింపు దిగింది. ఓజాలా 2005లో పోయారు.

ఒర ఆకారం అమెరికా దాటింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘రాహైడ్’ అనే ధారావాహికలో కట్టిన బెల్టునే వెంటతీసుకుని ఇటలీవాళ్ళ సినిమాకి వెళ్ళాడంటారు. 1964లో వచ్చిన ఆ సినిమా స్పెయిన్ ఎడారుల్లో తీశారు. అలాంటి చిత్రాలు మద్రాసులో ఆడాయి, మనవాళ్ళు చూశారు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. ఆరుద్రగారి కథ, కె.ఎస్.ఆర్. దాస్‌గారి దర్శకత్వం. రాజస్థాన్ ఇసుకలో టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన కృష్ణగారిని మీరంతా చూసే ఉంటారు. ఆ నడుముకి కిందుగా వేళ్ళాడిన ఒర తీరు టెక్సాస్ కౌబాయ్ నించి కాదు, హాలీవుడ్‌లో ఒక తోలు బల్ల మీదనించి వచ్చింది.

ఇదంతా తెలిశాక నేను మావాడి ఒర కుట్టు విప్పాను. పాత బిస్కెట్ల డబ్బా రేకు ఒకటి కత్తిరించి, చెయ్యి తెగకుండా అంచులు లోపలికి మడిచి, రెండు పొరల మధ్య పెట్టి మళ్ళీ కుట్టాను. తుపాకీ వెన్నలా వచ్చింది. వాడు మొట్టమొదట కాల్చింది నన్నే. వంటింటి గుమ్మం దగ్గర, చేతిలో అట్లకాడతో, మూడుసార్లు పడిపోవలసి వచ్చింది.