సురభి రంగోపకరణాలు – అచ్చుకెక్కని పాఠం

తెలుగు నాటక చరిత్ర రచన ప్రధానంగా ముద్రిత ప్రతులను ఆధారం చేసుకొని సాగింది. సురభి నాటక సమాజాల విషయంలో ఈ పద్ధతి చాలదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో ఆరంభమైన ఈ కుటుంబ నాటకరంగానికి తోలుబొమ్మలాట నేపథ్యం ఉంది. తెర వెనుక నిలిచి బొమ్మను ఆడించిన నైపుణ్యమే వీరి రంగతంత్రానికి పునాది అయిందని భావించవచ్చు.

‘మాయాబజార్’ ప్రదర్శనలో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుని నోట పడతాయి. ఎదురెదురుగా వచ్చిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలుస్తాయి. ప్రేక్షకునికి కనిపించని సన్నని తీగ, అదను తెలిసి దానిని లాగే చేయి – ఇంతే ఆ మాయ. నటుడు ఒక్క మాట తొందరపడినా అది చెదురుతుంది. అంటే సంభాషణ గతినీ విరామాన్నీ ఈ ఉపకరణాలే కొంతవరకు నిర్ణయిస్తున్నాయి. వాటిని కేవలం రంగాలంకారాలుగా పరిగణించడం అసమగ్రం.

ఈ విద్య ఇంట్లో పెద్దలను చూసి నేర్చుకొనేది. నాటక ప్రతి గ్రంథాలయంలో నిలుస్తుంది. తీగ లాగే ఒడుపు ఆ చేతితోనే పోతుంది. అందువల్ల సురభి నాటకాల పరిష్కరణలో ఉపకరణాల వర్ణనకూ, వాటిని నడిపినవారి మౌఖిక కథనాలకూ చోటు కల్పించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.